కుండలో మిగిలిన వేట

తమిళనాడులోని చెంగల్పట్టు పల్లెల్లో ఒకప్పుడు పాములు పట్టే ఇరుళర్ గిరిజనుల గుడిసెల ముందు పాముతోళ్లు ఆరుతుండేవి. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, ఏది దొరికితే అది. దళారి వచ్చి చేతిలో నాలుగు రూపాయలు పెట్టి పట్టుకుపోయేవాడు. ఆ తోళ్లు విదేశాలకెళ్లి చేతిసంచులూ చెప్పులూ అయ్యేవి. లాభం ఎవరిదో చెప్పనక్కర్లేదు. అయినా పొద్దున్నే ఆలుమగలు పిల్లల్ని వెంటేసుకుని, గునపం భుజాన పెట్టుకుని బయల్దేరే ఆ రోజుల్లో ఎవరి ముందూ చేయి చాచాల్సిన పని ఉండేది కాదు. పాము దొరక్కపోతే ఎలుకబొరియ తవ్వితే అందులో దాచిన వడ్లయినా దొరికేవి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1976లో పాముతోళ్ల ఎగుమతి ఆగింది. పాములకది మేలే, కాదనలేం. కానీ నిన్నటి వేటగాడు తెల్లారేసరికి నేరస్థుడైపోయాడు. ఎంతోమంది అడ్వాన్సు తీసుకుని రైస్‌మిల్లుల్లో, ఇటుక బట్టీల్లో వెట్టికి చిక్కారు. 'జై భీమ్' సినిమాలో మనం చూసి కళ్లొత్తుకున్నది ఈ జాతి గోడే.

ఆర్కిటిక్ మంచులో వేట మీద బతికే ఆదివాసులు ఇన్యూట్లకూ ఇదే గతి పట్టింది. 1983లో ఐరోపా దేశాలు తెల్లటి సీల్ పిల్లల తోళ్ల దిగుమతిని నిషేధించాయి. ఇన్యూట్లు బతికేది పెద్ద సీళ్ల వేట మీద. అయినా బజారంతా కూలి వాళ్ల తోళ్లనూ అడిగేవాడు లేకపోయాడు. 2014లో వాళ్ల కుర్రకారు సీల్‌తోలు దుస్తులేసుకుని సెల్ఫీలు పెట్టి తాతల వేటను తలెత్తుకుని చాటుకుంది. మన ఇరుళ కుర్రాడికి ఆ ముచ్చటా లేదు, పాముతో సెల్ఫీ దిగితే కేసవుతుంది.

ఇక్కడ మాత్రం ఒక దారి దొరికింది. 1978లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో, పాము విషం సేకరించే ఇరుళర్ల సహకార సంఘం పుట్టింది. చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే దారిలో, వడనెమ్మేలిలోని మొసళ్ల సంరక్షణ కేంద్రం 'క్రొకొడైల్ బ్యాంకు' ఆవరణలో ఉంది. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికే అనుమతి. పట్టిన పామును కుండలో వేసి మూతికి గుడ్డ కడతారు. కొన్ని వారాలపాటు విషం తీసి, పొట్టకింద పొలుసు గుర్తుగా కత్తిరించి వదిలేస్తారు. దేశంలో పాముకాటు మందు తయారీకి వెళ్లే విషంలో ఎక్కువ భాగం ఈ కుండల నుంచే.

గట్టు మీద బొరియ కనబడగానే పెద్దవాళ్లు గునపం ఎత్తరు. అంచు నున్నగా అరిగిందా, కుబుసం ముక్క అంటుకుందా, రెట్ట పడిందా అని వంగి చూస్తారు. తవ్వడం మొదలెట్టాక చివరి జానెడు మన్ను వేళ్లతోనే తీస్తారు. ఇది పుస్తకంలో దొరికే విద్య కాదు. తండ్రి వెంట నడిచి నేర్చుకోవాల్సిందే. ఆ నడిచే పొలాలేమో ప్లాట్లయ్యాయి.

తమిళ మాసి నెల పున్నమికి మహాబలిపురం ఇసుకలో తమ దేవత కన్నియమ్మకు మొక్కడానికి కుర్రాళ్లు ఇప్పటికీ వస్తారు. మొక్కు మిగిలింది, వేట మాత్రం లైసెన్సు ఉన్నవాడిదే.

ఈ ఇరుళర్లలోనే మాసి సడైయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు 2017లో అమెరికాలోని ఫ్లోరిడా వెళ్లి అక్కడి నిపుణులు వెతికి విసిగిన కొండచిలువలను పట్టిచ్చారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బిరుదిచ్చిన సర్కారు వాళ్ల ఊళ్ల పిల్లలకు లైసెన్సులూ, తిరగడానికి నేలా కూడా ఇవ్వాలి. ఒక అంచనా ప్రకారం ఈ దేశంలో ఏటా సుమారు 58 వేలమంది పాముకాటుతో చనిపోతున్నారు, వాళ్లకు కావాల్సిన మందుకు విషం తెచ్చేది ఈ చేతులే.