ఆర్మగాన్‌లో వెతుకులాట

"ఏంది మా వెతకతా ఉండారు? ఏమన్నా పోగొట్టుకున్నారా?" దుగరాజపట్నం తీరాన చేపలబుట్టతో పోతున్న ఒక పెద్దామె అడిగింది.

నా చేతిలో జీపీఎస్ ఉంది. ఎవరో దాచిన డబ్బాను అక్షాంశ రేఖాంశాలతో వెతికి పట్టుకునే జియోకాషింగ్ ఆట 2000లో అమెరికాలో మొదలైంది. ఆ పద్ధతిలోనే నేనూ, నా స్నేహితురాలూ పాత ‘ఆర్మగాన్’ను వెతుక్కుంటూ వచ్చాం. 1626లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టి, తర్వాత కోట కట్టుకుంది. సాయపడిన ఆరుముగ మొదలియారు పేరే ఆర్మగాన్ అయిందంటారు. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలం సంపాదించాక స్థావరం అక్కడికి తరలిపోయింది. దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్ల సమాధులను, వాటిమీద చెక్కిన పేర్లతో సహా, పురావస్తు శాఖ కాపాడుతోంది.

ఇంతకీ వీళ్లంతా వచ్చింది మన బట్టల కోసం. ఆ బట్టలకు ఇంటింటా కూర్చుని నూలు వడికింది ఆడవాళ్లు. నేను చదివిన కంపెనీ చరిత్రల్లో వాళ్లలో ఒక్కరి పేరైనా కనపడలేదు. నా సిద్ధాంత గ్రంథంలో నేనూ వాళ్లను ‘స్థానిక శ్రామికులు’ అని ఒక్క మాటతో దాటేశాను.

"అవునమ్మా, పోగొట్టుకున్నాం" అన్నాను. ఎవరినని ఆమె అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క పేరూ లేదు.