బండిలో మందులపెట్టె

1819 వానకాలంలో జార్జి ఎవరెస్ట్ అనే 29 ఏళ్ల సైనికోద్యోగి హైదరాబాదు నుండి తూర్పుగా బయలుదేరి కృష్ణా గోదావరుల నడిమి సీమను కొలవడానికి వచ్చాడు. హిమాలయ శిఖరానికి తరువాత పెట్టిన పేరు ఈయనదే. వానలు కురిసి వెలిసినప్పుడు గాలి తేటపడుతుంది. ఎక్కడో దూరాన ఉన్న కొండమీది జెండా దుర్భిణిలో స్పష్టంగా అగుపడుతుంది. సర్వే శాఖాధిపతి లాంబ్టన్ ఎండాకాలాన్ని వదిలి వానకాలాన్ని ఎంచుకోవడానికి కారణం ఇదే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలను నేడు కారులో ఒక పూటలో చుట్టి రావచ్చు. ఆనాడు మూసీ పొంగితే ఇవతలివారు ఇవతల, అవతలివారు అవతల.

దళం గోదావరి వైపు సాగి ఎల్లాపురం అడవులు చేరేసరికి జ్వరం పట్టుకున్నది. ఎవరెస్ట్ పడ్డాడు, ఆయన సహాయకులు పడ్డారు, కూలీలూ జెండాలవారూ పడ్డారు. దళంలో సుమారు 150 మంది మంచమెక్కారు. వారిని తీసుకురావడానికి హైదరాబాదు నుండి పల్లకీలు, ఏనుగులు, ఒంటెలు పంపవలసి వచ్చింది. దారిలోనే 15 మంది చనిపోయారు. ఎవరెస్ట్ బతికాడుగాని కోలుకోవడం కోసం 1820లో దక్షిణాఫ్రికా కొసకు ఓడలో వెళ్లవలసి వచ్చింది.

ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటి ఉన్నది. ఈ దళంలో వైద్యుడు లేకపోలేదు. హెన్రీ వాయ్సీ అనే శస్త్రవైద్యుడు వెంట ఉన్నాడు. ఈయనే దళానికి భూగర్భశాస్త్రజ్ఞుడు కూడ. ఆయనకూ జ్వరం వచ్చింది. వైద్యుడున్నాడు, మందులున్నవి, అయినా దళం కూలిపోయింది. ఎందువలన?

ఆ కాలపు సైనిక వైద్యుల పెట్టెలలో సాధారణంగా ఉండేవి రసకర్పూరం, నల్లమందు, రక్తం తీయడానికి చురకత్తులు, సింకోనా చెట్టు బెరడు పొడి. వీటిలో జ్వరానికి నిజంగా పనిచేసేది చివరిదొక్కటే. దానితోనూ ఒక చిక్కు ఉన్నది. ఒక చెట్టు బెరడులో ఉన్నంత సారం మరొక చెట్టు బెరడులో ఉండదు. ఎంత పొడి ఇస్తే ఎంత మందు ఇచ్చినట్లో ఇచ్చేవానికే తెలియదు. ఎవరెస్ట్ గాలిమార్పుకు ఓడ ఎక్కిన 1820లోనే పారిసులో పెల్టియే, కవాంటూ అనే ఇద్దరు ఆ బెరడునుండి క్వినైనును వేరుచేశారు. ఆనాటినుండి ఆ మందును తూచి ఇవ్వడం సాధ్యమైంది.

ఇక జ్వరానికి కారణం చిత్తడినేలల చెడుగాలి అని అందరూ నమ్మిన కాలమది. దోమ అని తేలడానికి ఇంకా 78 ఏళ్లు పట్టింది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినది సికిందరాబాదులోనే. దుర్భిణికి అనువైన వానకాలమే దోమకూ అనువైన కాలమని లాంబ్టనుకు తెలియదు. మందులపెట్టె కంటె పదణాల దోమతెర ఆ దళానికి ఎక్కువ మేలు చేసి ఉండేది.

పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో పెట్టె స్వరూపం మారిపోయింది. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు చీము పట్టకుండా కాపాడవచ్చునని ప్రకటించాడు. అంతకుముందు గాయానికి కట్టే గుడ్డ శుభ్రంగా ఉండాలన్న పట్టింపు వైద్యులకే లేదు. జర్మనీలో ఎస్మార్క్ అనే సేనావైద్యుడు ప్రతి సిపాయి దగ్గర ఒక కట్టు సిద్ధంగా ఉండాలన్నాడు, ముక్కోణపు గుడ్డకట్టును ప్రచారంలోకి తెచ్చాడు. గజానికి కాస్త ఎక్కువ ఉన్న చదరపు గుడ్డను మూలనుండి మూలకు కోస్తే రెండు కట్లు వస్తాయి. విరిగిన చేతిని మెడకు వేలాడదీయడానికీ, తలగాయాన్ని కట్టడానికీ అదే గుడ్డ. మన రైతు భుజంమీది తువాలు కూడ ఉతికినదైతే ఇదే పని చేస్తుంది. 1877లో ఇంగ్లండులో సెంట్ జాన్ అంబులెన్సు సంఘం ఏర్పడి, వైద్యులు కానివారికి ఈ విద్య నేర్పనారంభించింది. 1888లో అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ ప్రథమ చికిత్స పెట్టెలను అమ్మకానికి పెట్టింది. అవి మొదట ఉద్దేశించినది రైలుమార్గాల కూలీల కొరకు. పట్టాలు వేసే చోటికి ఆసుపత్రి రాదు కదా! ఆ దశాబ్దిలోనే లండనులోని బరోస్ వెల్కం సంస్థ మందులను బిళ్లలుగా అదిమి చిన్న పెట్టెలలో అమర్చింది. ఆఫ్రికా అడవులకు వెళ్లిన స్టాన్లీ అటువంటి పెట్టెలనే తీసుకుపోయాడు. సీసా పగలడం, పొడి తడవడం అనే బాధలు దానితో చాలవరకు తప్పినవి.

అయితే పెట్టెలోకి చేరినదంతా మేలే చేసిందనుకోరాదు. భారతదేశంలో పాముకాటు కొరకు పుట్టిన ఒక పరికరం కథ దీనికి సాక్ష్యం. వేలెడంత కొయ్యగొట్టంలో ఒక కొసన చిన్న కత్తి, రెండవ కొసన పొటాసియం పర్మాంగనేట్ పలుకులు. బావులలో వేసే ఊదారంగు మందు ఇదే. కాటుకు పైన గట్టిగా కట్టు బిగించి, కాటును కత్తితో కోసి, ఆ పలుకులను గాయంలో రుద్దాలి. బ్రంటన్, ఫేయరర్, లియొనార్డ్ రోజర్స్ అనే ముగ్గురు పేరుగల వైద్యులు 1904లో దీనిని సిఫారసు చేశారు. పరీక్షనాళికలో పర్మాంగనేట్ విషాన్ని విరిచివేసే మాట నిజమే. కాని శరీరం పరీక్షనాళిక కాదు. కోరలు దింపిన విషం కండలోకి, రక్తంలోకి వ్యాపిస్తుంది. పైన రుద్దిన పలుకు దానిని అందుకోలేదు. మిగిలేది కోతవలన రక్తస్రావం, రసాయనంవలన కాలిన కండ, బిగించిన కట్టువలన కుళ్లే కాలు. అయినా ఆ గొట్టం చాలాకాలం దేశమంతటా ప్రయాణికుల సంచులలో తిరిగింది. పెట్టెనుండి అది పోయినా, కోసి నోటితో పీల్చే అలవాటు, తాడుతో బిగించే అలవాటు పల్లెలలో ఇంకా పోలేదు.

విచిత్రమేమంటే పాముకాటుకు చేటయిన ఆ బిగింపుకట్టే మరొకచోట ప్రాణదాత. 1718లో ఫ్రెంచి వైద్యుడు పెటీ మరతో బిగించే కట్టును చేశాడు. ఒకటవ ప్రపంచయుద్ధంలో గంటలతరబడి విప్పక వదలివేయడంవలన కాళ్లూ చేతులూ పోయి దానికి చెడ్డపేరు వచ్చింది. ప్రథమ చికిత్స పుస్తకాలు దానిని దాదాపు వెలివేసినవి. ఈ శతాబ్ది మొదటి దశాబ్దిలో ఇరాక్, ఆఫ్ఘనిస్థాన్ యుద్ధాలలోని అనుభవం దానిని తిరిగి పెట్టెలోకి తెచ్చింది. చేయి లేక కాలు తెగి రక్తం చిమ్ముతూ, చేతితో గట్టిగా అదిమినా ఆగకపోతే, గాయానికి పైన రెండుమూడు అంగుళాల దూరంలో వెడల్పాటి పట్టీ బిగించి, బిగించిన గంట కాగితంమీద రాసి, ఆసుపత్రికి తరలించాలి. సన్నని తాడు, తీగ పనికిరావు. పాముకాటుకు మాత్రం ఇది వాడరాదు.

ఎర్రమందు చరిత్ర కూడ ఇటువంటిదే. బడిపిల్లల మోకాళ్లను ఎర్రగా చేసిన మెర్క్యురోక్రోం 1918లో పుట్టింది. అందులో పాదరసం ఉన్నది. క్రిమిని చంపే శక్తి అంత గొప్పదీ కాదు. 1998లో అమెరికా ప్రభుత్వం దానిని భద్రమైనవిగా గుర్తించిన మందుల జాబితానుండి తొలగించింది. దాని స్థానాన్ని పోవిడోన్ అయోడిన్ ఆక్రమించింది. ఏ రంగు మందు పూసినా, ముందుగా శుభ్రమైన నీటితో గాయాన్ని ధారాళంగా కడగడమే ముఖ్యం.

తెలంగాణలో మోటారు ప్రయాణం జనసామాన్యానికి అందినది 1932లో. నిజాం రాష్ట్ర రైల్వేకు చెందిన రోడ్డు రవాణా శాఖ ఆ ఏడు 27 బస్సులతో మొదలైంది. స్వాతంత్ర్యం తరువాత మహీంద్రావారు బొంబాయిలో జీపులను కూర్చడంతో, రోడ్డులేని చోటికి కూడ బండి పోవడం సాధ్యమైంది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమకాలువ మిర్యాలగూడ మెట్టను వరిపొలంగా మార్చింది. కాలువగట్లు, పిల్లకాలువల బాటలు, కృష్ణ ఒడ్డున మూసీ కలిసే వాడపల్లి రేవు, పడమట నల్లమల వైపు అడవిదారులు ఇవన్నీ బండికి అందుబాటులోకి వచ్చినవి. వరి పెరిగినచోట ఎలుక పెరుగుతుంది, ఎలుక వెంట పాము వస్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో ప్రథమ చికిత్స పెట్టె ప్రస్తావన ఉన్నది. డ్రైవరు నెత్తిమీద ఎర్రశిలువ గుర్తుతో పెట్టెను చూడనివారు లేరు. తెరచి చూచినవారు తక్కువ. తెరిస్తే ఎండిన దూది, గడువు తీరిన మలాం, ఒక్కొక్కప్పుడు డ్రైవరుగారి బీడీకట్ట!

2005 ఆగస్టులో హైదరాబాదులో మొదలైన 108 వాహనసేవ రహదారిమీది వారికి పెట్టె అవసరాన్ని కొంత తగ్గించింది. సూర్యాపేట దగ్గర పెద్దరోడ్డుమీద దెబ్బ తగిలినవాడికి కావలసినది రక్తం ఆపే చేయి, ఒక ఫోను. కాలువగట్టు దిగి, ఫోను పలకని అడవిలో చిక్కినవాడి సంగతి వేరు. పెట్టె ఎంత పెద్దది అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఆసుపత్రి ఎన్ని గంటల దూరం అన్నదే ప్రశ్న. గంటలోపు దారికి అదిమికట్టే మందపు గాజుగుడ్డలు, చుట్టుకట్లు, బిగింపుపట్టీ, చేతితొడుగులు, కత్తెర చాలు. మూడునాలుగు గంటల దారికి ముక్కోణపు కట్లు రెండు, ఎముక విరిగితే ఆనించడానికి బద్దలు, పోవిడోన్ అయోడిన్, కాలిన గాయాలు కడగడానికీ తాగడానికీ మనిషికి నాలుగైదు లీటర్ల నీరు, పారాసిటమాల్ బిళ్లలు, టార్చిలైటు కూడ కావాలి. ఎవరికైనా మధుమేహం, ఉబ్బసం, గుండెజబ్బు ఉంటే వారి రోజువారీ మందులు రెండు రోజులకు ఎక్కువగానే ఉంచాలి. అమ్మకానికి వచ్చే పెట్టెలలో ఇవి ఉండవు. చిన్న అంటుపట్టీలు మాత్రం గుప్పెడేసి ఉంటాయి.

నల్లగొండ సీమలో మే నెల ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఇసుకలో దిగబడిన చక్రాన్ని మధ్యాహ్నం తవ్వి తీసేవాడికి పాముకంటె ముందుగా వడదెబ్బ తగులుతుంది. ఇందుకు పనికివచ్చే వస్తువు పెట్టెలోకి చేరినది ఇటీవలనే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాలలో కలరా చెలరేగినప్పుడు, సెలైను సీసాలు చాలక, దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో పోయించి రోగులచేత తాగించాడు. వేలమంది బతికారు. ఆ పొట్లమే ఓ.ఆర్.ఎస్. ఒక పొట్లం సరిగా లీటరు నీటిలో కలపాలి. చిక్కగా కలిపితే మేలుకు బదులు కీడు. స్పృహ తప్పినవాడి నోట ఏదీ పోయరాదు. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరాలి.

పాముకాటుకు పెట్టెలో ఉండవలసినది దాదాపు ఏమీ లేదనే చెప్పాలి. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషానికి విరుగుడుగా మన దేశంలో ఒకే సూదిమందు తయారవుతున్నది. దానిని బండిలో మోసుకుపోవడం తగదు. అది కొందరికి ప్రాణాంతకమైన వికటింపు కలిగిస్తుంది. వెంటనే ఎడ్రినలిన్ ఇవ్వగల వైద్యుడు పక్కన ఉండాలి. ఉంగరాలు, గజ్జెలు తీసివేసి, కాలును బద్దతో కదలకుండా కట్టి, మనిషిని నడిపించక మోసి, విరుగుడు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవడమే చికిత్స. నొప్పికి ఆస్పిరిన్ ఇవ్వరాదు. పింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, ఆస్పిరిన్ దానికి తోడవుతుంది. అందువలన బయలుదేరేముందు ఏ ఊరి ఆసుపత్రిలో విరుగుడు ఉన్నదో విచారించి రాసిపెట్టుకున్న చీటీయే ఈ విషయంలో పెట్టెలోని విలువైన వస్తువు.

చివరగా పెట్టెను ఉంచే చోటు. ఎండలో ఆపిన బండి లోపలి వేడికి బిళ్లలు శక్తి తగ్గుతాయి, అంటుపట్టీల జిగురు కరుగుతుంది. సామాను పెట్టే డిక్కీలో, అదనపు చక్రం కింద పెట్టిన పెట్టె బండి బోల్తాపడినప్పుడు చేతికి రాదు. సీటు కింద, తాళం లేకుండా, దుమ్ము చొరని డబ్బాలో ఉండాలి. మూత లోపలివైపు వస్తువుల పట్టిక, వాటి గడువు తేదీలు అంటించి, ఏ వస్తువు వాడినా ఆ రోజే కొట్టివేస్తే తరువాతి ప్రయాణానికి ఏమి కొనాలో పట్టికే చెబుతుంది.