చరిత్ర పరిశోధనమున వృద్ధుల నోటి కథనములు

శాసనములును ప్రభుత్వపు దస్తరములును మాత్రమే చరిత్రకు ఆధారములని తలచువారు పెక్కురు గలరు. అట్లయినచో శాసనము వేయించుకొనలేనివారికి చరిత్రయే లేదనవలసివచ్చును. మన తాతముత్తాతలలో శాసనములు వేయించినవారెందరు? వారి బ్రతుకులు నోటిమాటగానే నిలిచినవి. ఆ మాటలను సాక్ష్యముగా గైకొని విమర్శించు కథనపద్ధతి నేడు సామాజికశాస్త్రములందు స్థిరపడియున్నది. దానిని గూర్చి సంఘీయులకు నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ఆంధ్రదేశమున కిది క్రొత్త గాదు. 1821లో గతించిన కర్నలు కాలిన్ మెకంజీ దొర కొలువున కావలి బొర్రయ్య, లక్ష్మయ్య మున్నగు సోదరులు గ్రామవృత్తాంతములను సేకరించిరి. బొర్రయ్యగారు 1803లోనే స్వర్గస్థులైనను లక్ష్మయ్యగారు ఆ కార్యమును విడువలేదు. కరణముల కవిలెలనుండియు, పెద్దల నోటినుండియు వ్రాసికొన్న ఆ వృత్తాంతములే కైఫియత్తులు. అవి శిథిలమగుచుండగా బ్రౌను దొర నకళ్లు వ్రాయించి కాపాడెను. ఊరి పుట్టుక, గుడి, చెరువు, మాన్యములు, ఏలినవారి వరుస అన్నియు వానిలో గలసియుండును. కాలనిర్ణయము తప్పినచోటను, ఊరివారు తమ గతము నెట్లు తలచుకొనిరో, ఏ హక్కును నిలుపుకొనుటకై ఆ కథ చెప్పిరో మనకు తెలియుచున్నది.

పాశ్చాత్యులలో థామసు, జ్నానియెట్‌స్కీ అను పండితులు పోలండునుండి అమెరికాకు వలసపోయిన రైతులను గూర్చి 1918 మొదలు 1920 వరకు అయిదు సంపుటముల గ్రంథమును వెలువరించిరి. రైతుకుటుంబముల ఉత్తరములును, ఒక వలసవాడు స్వయముగా వ్రాసికొన్న జీవితకథయు అందు ముఖ్యాధారములు.

మరల మన దేశముననే, 1986లో స్త్రీశక్తి సంఘటనవారు తెలంగాణా సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల జీవితకథలను “మనకు తెలియని మన చరిత్ర” యను పేర ప్రకటించిరి. పోరాటము 1951లో ముగిసిన పిదప ఆ స్త్రీలు తిరిగి ఇంటిపనికి మరలవలసివచ్చినప్పుడు వారు పడిన వేదన ఏ దస్తరమున దొరకును?

అయినను విన్నదెల్ల నిజమని నమ్మరాదు. ముదిమిలో జ్ఞాపకము తడబడును. అభిమానము కథను పెంచును. కావున చెప్పినవారి అనుమతి గైకొని, వారి పేరు, వయస్సు, ఊరు, తేదీ వ్రాసికొని, వారి పలుకుబడిని దిద్దక యుంచవలెను. ఇరువురు రెండు విధములుగా జెప్పినచో రెంటిని నిలుపవలెను. పిమ్మట శాసనములతోను, భూమిలెక్కలతోను పోల్చి చూడవలెను. కులపురాణము కులము పుట్టిన విధమును రుజువు చేయజాలదు. ఒకకాలమున మనవారు కోరిన గౌరవ మేదియో, పొందిన అవమాన మేదియో మాత్రము తెలుపగలదు. కీర్తి దెచ్చు కథలను మాత్రమే యేరి, అప్పులను, వలసలను, ఆడువారి కష్టములను, మనవారే ఇతరులకు జేసిన అన్యాయములను దాచుట స్తోత్రమగును గాని చరిత్ర గాదు.

సంఘీయులారా! వృద్ధు డొకడు గతించిన, వ్రాయబడని గ్రంథ మొకటి నశించినట్లే. రాబోవు మహాసభ నాటికి ప్రతి యూరినుండియు ఇద్దరు ముగ్గురు పెద్దల కథనములైనను, వారిలో స్త్రీ యొకరుండునట్లు, వ్రాయించి భద్రపరుపవలెనని యువకులను, అందులకగు వ్యయమును భరింపవలెనని పోషకులను ప్రార్థించుచున్నాము.