వలస నుంచి ఊరికొచ్చారా? ముందు పిల్లల్ని తూకం వేయించండి!

మార్కాపురం: మిరప కోతలు అయిపోయాయంటే ఈ ప్రాంత పల్లెల్లో మళ్లీ సందడి మొదలవుతుంది. వానల్లేక, సేద్యం సాగక మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, హైదరాబాద్, బెంగళూరుకు బిల్డింగ్ పనులకు వెళ్తుంటాయి. ఇంటి దగ్గర చూసుకునే వాళ్లు లేక చంటిపిల్లల్నీ వెంట తీసుకెళ్తారు. అక్కడ చాలామందికి అంగన్‌వాడీ గుడ్లు, పాలు, బాలామృతం అందవు. టీకాలు తప్పిపోతాయి. అందుకే ఊరు చేరిన మొదటి వారమే కీలకం.

మొదట ఏం చేయాలి?

నేరుగా అంగన్‌వాడీకి వెళ్లాలి. పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి పేరు మార్చుకునే వీలుంది. పిల్లలకు ఆధార్ లేకపోయినా తల్లి ఆధార్‌తో నమోదు చేస్తారు. బరువు, ఎత్తు తప్పక చూపించుకోవాలి.

జబ్బ కొలత ఏం చెబుతుంది?

6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లలకు జబ్బ చుట్టుకొలత 11.5 సెం.మీ. కంటే తక్కువ ఉంటే తీవ్ర పోషకాహార లోపం. 11.5 నుంచి 12.5 మధ్య ఉంటే ఒక మోస్తరు లోపం. రెండు పాదాలూ వాచినా ప్రమాదమే. ఆకలి లేకపోయినా, జ్వరం ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇలాంటి పిల్లలకు పోషకాహార పునరావాస కేంద్రాల్లో (ఎన్ఆర్‌సీ) చికిత్స చేస్తారు.

ఏ వయసుకు ఏం పెట్టాలి?

* 6 నెలల వరకు తల్లిపాలే. ఎండాకాలమైనా నీళ్లు పట్టొద్దు.
* 6-8 నెలలు: తల్లిపాలతో పాటు రోజుకు 2-3 సార్లు మెత్తటి ఆహారం.
* 9 నెలల నుంచి 2 ఏళ్లు: రోజుకు 3-4 సార్లు. తల్లిపాలు ఆపొద్దు.

పల్చటి రాగి జావతో కడుపు నిండుతుంది కానీ బలం చాలదు. చెంచాలోంచి జారిపోనంత చిక్కగా ఉండాలి. మెత్తగా ఉడికించిన పప్పన్నం, గుడ్డు, మునగాకు, ఓ చెంచా నూనె లేదా నెయ్యి కలిపి పెట్టాలి.

విరేచనాలైతే?

ఓఆర్ఎస్ తాగిస్తూ, 14 రోజులు జింక్ బిళ్లలు వేయాలి. తిండి మాన్పించొద్దు.

మళ్లీ పనికి వెళ్తుంటే?

బయల్దేరే ముందే అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పండి. తల్లీబిడ్డల కార్డు వెంట ఉంచుకోండి. పని దొరికిన ఊళ్లోని అంగన్‌వాడీలోనూ సరుకులు అడగొచ్చు. అది మీ బిడ్డ హక్కు.