వఫాదారి పట్నంలో, హద్దురాయి ఊర్లో

ఈసారి పోస్టు కొంచెం పొడుగుంది, ఓపికతో చదవండి.

రాజుల చరిత్రతో మనకేం పని అనుకుంటం. కానీ మన చెలక ఏ తాలూకాలో, ఏ రాష్ట్రంలో ఉండాల్నో రాసింది ఆ చరిత్రనే. భద్రాచలం దిక్కు ఊర్ల సంగతి చూస్తే అర్థమైతది. ఆ కథ మొదలైంది మాత్రం హైదరాబాద్ పాతబస్తీలో.

1853లో ఫౌజు జీతాల బాకీ కింద ఇంగ్లీషోళ్లు నిజాం దగ్గర నుంచి బేరార్, రాయచూర్ దోఆబ్, నల్‌దుర్గ్ సీమలను తమ చేతిలోకి తీసుకున్నరు. బేరార్ అంటే పత్తి పండే నల్లరేగడి. అదే ఏడాది మొదటి సాలార్‌జంగ్ దివాన్ అయిండు.

నాలుగేండ్లకు 1857 తిరుగుబాటు వచ్చింది. జూలై 17న మక్కా మసీదు దగ్గర జనం గూడిండ్రు. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడిచి కోఠి రెసిడెన్సీ మీదికి పోయిండ్రు. సాలార్‌జంగ్ ముందే రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు కబురు పంపిండు. తోపులు సిద్ధంగా ఉన్నయి, దాడి నిలవలేదు. మౌల్వీని అండమాన్ పంపిండ్రు. జైలు నుంచి తప్పించుకున్న తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని పట్నంలో వేలాడదీసిండ్రు.

మరి వఫాదారికి దక్కిందేంది? భూమి. 1860 ఒప్పందంలో రాయచూర్ దోఆబ్, నల్‌దుర్గ్ వాపస్ వచ్చినయి. 50 లక్షల బాకీ మాఫీ. తిరగబడిన షోరాపూర్ రాజు వెంకటప్ప నాయకుడి సంస్థానం కూడా నిజాంకే ఇచ్చిండ్రు. ఒకరు తిరగబడితే పోయిన భూమి, ఇంకొకరికి ఇనాం అయింది.

కానీ అదే కాగితంలో గోదావరి ఎడమ ఒడ్డును ఇంగ్లీషోళ్లు తీసుకున్నరు. సిరోంచ, నూగూరు, చెర్ల, భద్రాచలం, రేకపల్లి అన్నీ నిజాం చేతి నుంచి పోయినయి. ముందు మధ్య పరగణాల్లో కలిపిండ్రు. 1874లో భద్రాచలం, రేకపల్లిని మద్రాసు కింది గోదావరి జిల్లాకు మార్చిండ్రు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరు మీద ఏడు మండలాల ఊర్లు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయినయి. ఇయ్యాల రాముడి గుడి తెలంగాణలో, గుడి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో. దున్నేటోడు అక్కడనే ఉన్నడు, కచేరీ మాత్రం మారుకుంట పోయింది.

ఇది మన దగ్గరి సంగతే కాదు. అమెరికా స్వతంత్ర యుద్ధంలో ఇంగ్లండు రాజు పక్షం ఉన్నోళ్ల భూములను చాలా చోట్ల గుంజుకున్నరు. వాళ్లలో వేలమంది కెనడాకు పోతే రాజు అక్కడ భూములిచ్చిండు. అవి అప్పటిదాక ఆదివాసులు వేటాడుకున్న, బతికిన నేలలు. గోదావరి ఒడ్డున కూడా బతికింది కోయలు, కొండరెడ్లే. ఎవలన్న వాళ్లను అడిగి గీత గీసిండ్రా?

సాలార్‌జంగ్‌ను ఉత్త తిట్టి ఊకుంటే లాభం లేదు. జిల్లాలు, తాలూకాల పద్ధతి, రైతు నుంచి నేరుగా శిస్తు వసూలు ఆయన తెచ్చినయే. 1857లో ఎదురుతిరిగితే రాజ్యమే పోతదని లెక్కేసుకున్నడు. కానీ అంత వఫాదారి చేసినా బేరార్ మాత్రం రాలే. 1876లో లండన్ దాకా పోయివచ్చిండు, ఫలితం లేదు. 1902లో ఏడాదికి 25 లక్షల కింద బేరార్‌ను శాశ్వత కౌలుకు రాసుకున్నరు. కౌలు ఎప్పటికీ వాపస్ రానిదైతే అది కౌలెట్లయితదో రైతులకు నేను చెప్పక్కర్లేదు.

నాకు అర్థమైంది ఒక్కటే. పెద్దోళ్ల దోస్తానాకైనా, దుష్మనీకైనా ధర కట్టేది భూమితోనే. అందుకే పాత పహాణీలు, సేత్వార్, పటం నకళ్లు తీసి భద్రంగ పెట్టుకోండి. మీ ఊరు అప్పట్ల ఏ జాగీరు కింద ఉండెనో, ఏ తాలూకాలో ఉండెనో పెద్దమనుషులను అడిగి కింద రాయండి. వాళ్లు ఉండంగనే అడగాలె.