కలప పలకల దిగుమతి: బ్రిటన్, జపాన్

అంచులకు రేకు బిగించిన పాతకాలపు తేయాకు పెట్టెను చూచినవారికి ప్లైవుడ్ కొత్త కాదు. పెన్సిలు చెక్కేటప్పుడు పొర ఊడివచ్చినట్లే, దుంగను యంత్రంపై తిప్పుతూ పలుచని పొరలు తీస్తారు. ఒక పొర నారకు మరొకదాని నార అడ్డంగా ఉండేటట్లు జిగురుతో అంటించి నొక్కుతారు. తేమ తగిలితే కలప నార పొడవున సాగదు, అడ్డంగా ఉబ్బుతుంది. అడ్డపొర ఆ ఉబ్బును పట్టి ఉంచుతుంది. ప్లైవుడ్‌ను, చెక్కముక్కలు నొక్కి చేసే పార్టికల్ బోర్డును, నారతో చేసే ఫైబర్ బోర్డును వాణిజ్య లెక్కలలో కలప పలకలనే ఒకే పద్దులో వేస్తారు.

ఈ పద్దులో బ్రిటన్ పాత కాపు. 1900 నాటికే, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని టాలిన్ నగరపు లూథర్ కర్మాగారంలో తయారైన బర్చ్ పలకలను లండన్‌లోని వెనెస్టా కంపెనీ తెప్పించేది. తేయాకు పెట్టెల రూపంలో అవి మన దేశానికీ వచ్చేవి. 1914లో యుద్ధం వచ్చి బాల్టిక్ సముద్రపు దారి మూసుకుపోయినది. అప్పటికి బ్రిటన్ భూమిలో అడవి నూటికి 5 వంతులు మాత్రమే. ఆ దెబ్బతోనే 1919లో అక్కడ అటవీ కమిషన్ ఏర్పడినది. నాటిన చెట్లు ఎదిగాక వాటి సన్నకలపతో పార్టికల్ బోర్డు చేసుకోగలిగారు గాని, ప్లైవుడ్‌కు మాత్రం నేటికీ పరాయి దేశాలే దిక్కు.

జపాన్ సంగతి వింతగా ఉంటుంది. ఆ దేశంలో మూడింట రెండు వంతులు అడవే. 1960ల ప్రారంభంలో దాని పలకల దిగుమతి లెక్కించదగినంత లేదు. పైగా అమెరికాకు ప్లైవుడ్ ఎగుమతి చేసేది. పట్టిక ఒక్కటే చూచిన విద్యార్థి, జపాన్‌కు కలప కొరత లేదని రాస్తాడు. అది తప్పు. యుద్ధకాలంలో నరికిన కొండలపై నాటిన సుగి మొక్కలు ఇంకా చిన్నవి. ప్లైవుడ్‌కు కావలసిన లావాన్ దుంగలు ఫిలిప్పీన్స్ నుండి ఓడలలో వచ్చేవి. దుంగలు వేరే పద్దు కనుక పలకల పట్టికలో కనిపించవు.

ఫిలిప్పీన్స్ అడవులు తరిగాక వ్యాపారం ఇండొనీషియాకూ, మలేషియాలోని సబా, సరవాక్‌లకూ జరిగినది. దుంగలను పచ్చిగా అమ్మి కూలి డబ్బు పోగొట్టుకోవడం ఎందుకని ఇండొనీషియా 1985 నాటికి వాటి ఎగుమతిని పూర్తిగా నిషేధించి, పలకలు చేసి పంపసాగినది. జపాన్ దిగుమతి గీత నిటారుగా లేచినది. జపాన్ వారి వాడకం ఒక్కసారిగా పెరిగిందనుకోరాదు; అవే అడవుల కలప ఒక పద్దునుండి మరొక పద్దుకు మారినది, అంతే.

కాబట్టి ఈ రెండు దేశాలను పోల్చేటప్పుడు దుంగలను కూడా కలుపుకోవాలి. సుమారు రెండు ఘనపు మీటర్ల దుంగకు ఒక ఘనపు మీటరు ప్లైవుడ్ వస్తుందని స్థూలంగా అనుకోవచ్చు; మిగిలినది పొరలు తీయగా మిగిలిన నడిమి కడ్డీ, ముక్కలు. జపాన్ జనాభా బ్రిటన్‌కు సుమారు రెట్టింపు గనుక తలసరి లెక్క కూడా వేయాలి.

2000 తరువాత జపాన్ గీత మళ్ళీ వంగినది. 2007, 2008లలో రష్యా దుంగలపై ఎగుమతి సుంకం పెంచినది. యుద్ధానంతరం నాటిన సుగి చెట్లు అప్పటికి కోతకు వచ్చి ఉన్నాయి. సన్నని దుంగలను సైతం చెక్కగల యంత్రాలు వచ్చినవి. ప్లైవుడ్ కర్మాగారాలు వాటిపై సొంత కొండల కలపను ఎక్కించినవి.