కెర్నెల్ డ్రైవర్ల హార్డ్‌వేర్ అనుకూలత పత్రాలు

ఒక కెర్నెల్ డ్రైవర్ ఏయే చిప్‌లను, ఎంతమేరకు నడపగలదో తెలిపే నమోదును హార్డ్‌వేర్ అనుకూలత పత్రం అంటారు. లినక్స్‌లో ఈ సమాచారం రెండు చోట్ల ఉంటుంది. యంత్రానికి కావలసింది డ్రైవర్ కోడ్‌లోనూ, మనుషులకు కావలసింది కెర్నెల్‌తోపాటే వచ్చే డాక్యుమెంటేషన్‌లోనూ. ఈ రెండింటికీ పొంతన కుదరని సందర్భాలు తక్కువేమీ కాదు.

యూఎస్‌బీ, పీసీఐ పరికరాలు తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య చెప్పి తమను తాము పరిచయం చేసుకుంటాయి. పీసీఐలో ఇంటెల్ సంఖ్య 8086. ఆ సంస్థ 1978లో తెచ్చిన ప్రాసెసర్ పేరూ అదే. డ్రైవర్‌లో ఇలాంటి సంఖ్యల పట్టిక ఉంటుంది. పరికరం తగిలించగానే వ్యవస్థ ఆ పట్టికలు చూసి తగిన డ్రైవర్‌ను ఎక్కిస్తుంది. అయితే సంఖ్య పట్టికలో ఉన్నంత మాత్రాన అన్ని సౌకర్యాలూ పనిచేస్తాయని కాదు. ఏఆర్ఎం బోర్డుల మీది చాలా చిప్‌లకు ఈ పరిచయం చేసుకునే శక్తి లేదు. వాటి వివరాలను డివైస్ ట్రీ అనే హార్డ్‌వేర్ వివరణలో ముందే రాసిపెట్టాలి.

అసలు చిక్కు పెట్టె మీది పేరుతో వస్తుంది. టీపీ-లింక్ వారి డబ్ల్యూఎన్722ఎన్ వైఫై అడాప్టర్ మొదటి వెర్షన్‌లో అథెరోస్ ఏఆర్9271 చిప్ ఉండేది. దాన్ని నడిపే ఏటీహెచ్9కె-హెచ్‌టీసీ డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది. రెండో వెర్షన్‌లో రియల్‌టెక్ చిప్ పెట్టారు, మోడల్ పేరు మాత్రం మార్చలేదు. పాత పత్రాన్ని నమ్మి కొత్తది కొన్నవారికి దొరికింది వేరే డ్రైవర్ కావలసిన వేరే పరికరం. వెర్షన్ రాయని అనుకూలత జాబితా లేనిదానికన్నా చేటు. ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం కొలిచే హెచ్‌డబ్ల్యూమాన్ డ్రైవర్ల పత్రాలు ఈ విషయంలో మెరుగు: చాలావాటిలో చిప్ పేరు, వెతికే చిరునామాలు, డేటాషీట్ ఎక్కడుందో మొదట్లోనే ఉంటాయి.

చిప్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ సంగతీ పత్రంలో రాయాలి. తెలుగు స్థానికీకరణతో వచ్చిన స్వేచ్ఛ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆధారమైన డెబియన్, 2023లో విడుదలైన 12వ వెర్షన్ నుంచే స్వేచ్ఛాయుతం కాని ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చింది. అంతకుముందు చాలా పరికరాల్లో డ్రైవర్ ఉండి కూడా ఫర్మ్‌వేర్ లేక వైఫై మూగబోయేది.

ఇలాంటి నమోదుకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఎచ్చెర్లలోని ఆర్‌జీయూకేటీ విద్యార్థి అయినా, విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ విద్యార్థి అయినా తన ల్యాప్‌టాప్‌లోనే ఎల్ఎస్‌పీసీఐ, ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశాలతో సంఖ్యలు రాబట్టవచ్చు. వాటికి కెర్నెల్ వెర్షన్, డీమెస్గ్ ఆదేశం చూపే కెర్నెల్ సందేశాలు, ఏది పనిచేసిందో ఏది చేయలేదో జతచేస్తే నివేదిక పూర్తవుతుంది. పంపేముందు సీరియల్ సంఖ్యలు, మ్యాక్ చిరునామాలు చెరిపేయడం మంచిది.